రాజిమ్‌లో ఎనిమిది మందికి నీళ్ళు

మంగళవారం ఉదయం ఏడూ యాభైకి బొబ్బిలిలో రాయపూర్ పాసింజరు ఎక్కాను. సామాను నాలుగు శాల్తీలు: ఒక బ్యాగు, ఒక గొడుగు, మామ్మ కట్టిచ్చిన గుడ్డమూట, ఒక నోటుబుక్కు. మూటలో దర్భలు, నల్లనువ్వులు, పిన్ని ఫోటో. నోటుబుక్కులో నేను రెండు వారాలు కూర్చుని తయారుచేసిన పట్టిక.

ప్రయాణం ఎందుకో ముందే చెప్తాను. మా చిన్నాన్న, అంటే నాన్న తమ్ముడు, రాయపూర్‌లో రైలింజను డ్రైవరుగా చేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు. పిల్లల్లేరు. పిన్ని సత్యవతి పోయిన ఏడాది భాద్రపద బహుళ నవమి నాడు చనిపోయింది. ఈ గురువారం ఏడాది తద్దినం. పది రోజుల కిందట చిన్నాన్న మామ్మకి ఫోన్ చేసి, "నేను పెట్టనమ్మా, ఆత్మ అనేదే లేదంట" అన్నాడు. కొన్నాళ్ళుగా ఆదివారాలు అక్కడి బౌద్ధ విహారానికి వెళ్తున్నాడని అప్పుడే తెలిసింది. మామ్మకి ఎనభై దాటాయి. తద్దినం జరిగిందని ఫోన్ వచ్చేదాకా ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకుంది. అన్నమాట తప్పే మనిషి కాదు.

నన్నే పంపడానికి మామ్మ చెప్పిన కారణాలు మూడు. ఒకటి, మా నాన్న పోయి ఆరేళ్ళయింది కాబట్టి నాకు తర్పణం వదిలే అర్హత ఉంది. రెండు, నాకు సెలవులున్నాయి. మూడు, "నువ్వు డ్రాయింగులు గీసే ఇంజినీరువి కదా, ఆడితో లెక్కగా మాటాడగలవు. ఆడు చెయ్యకపోతే ఆడి చేత్తో దర్భ ఇప్పించుకో. ఆడి తరఫున నువ్వు చేసినా చెల్లుతాది."

నేను విశాఖలో ఒక పైపుల డిజైన్ ఆఫీసులో పనిచేస్తాను. రెండు గొట్టాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో చూడటమే నా ఉద్యోగం. అందుకే పట్టిక వేశాను. ఎడమ పక్క హిందూమతం, కుడి పక్క బౌద్ధం. ఆత్మ: ఒకరిది నిత్యం, మరొకరిది నిలకడ లేని ప్రవాహం. పునర్జన్మ: ఇద్దరికీ ఉంది, కానీ కుడి పక్క ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టు, ఇక్కణ్ణించి అక్కడికి వెళ్ళే వస్తువంటూ లేకుండా. కర్మ: ఇద్దరికీ ఉంది, అయితే బౌద్ధంలో చేసేవాడి ఉద్దేశమే కర్మ. చివరికి చేరేది: మోక్షం, నిర్వాణం. వేదం ప్రమాణం: అవును, కాదు. ఆఖరి వరస పిండం. దానికి కుడి పక్క గడి ఖాళీగా ఉంది.

రాయగడలో పదిన్నరకి ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగాలేదు. అక్కణ్ణించి ఎదురు సీట్లో పార్వతీపురం వ్యాపారి ఒకాయన, రాజ్‌నాంద్‌గావ్ వెళ్ళే టీచరు ఒకాయన. వ్యాపారి నా నోటుబుక్కులోకి తొంగిచూశాడు.

"దీనికి ఇంత పట్టిక ఎందుకు బాబూ? బుద్ధుడు మన విష్ణుమూర్తి అవతారమే కదా. రెండూ ఒకటే."

టీచరు తాను బౌద్ధుణ్ణని చెప్పాడు. హిందీలో నవ్వుతూనే అన్నాడు: "అవతారమని మీరంటారు, మేము ఒప్పుకోం. మా ఇంటికొస్తే మీరు చెప్పులు మాత్రమే బయట విప్పుతారు, మీ దేవుళ్ళని లోపలికి తెచ్చి దేవుడి గది ఏదని అడుగుతారు."

"చెప్పులు ఎవరింట్లోనైనా విప్పుతాం సార్," అన్నాడు వ్యాపారి. అందరం నవ్వాం. టిట్లాగఢ్‌లో బండి నలభై నిమిషాలు ఆగింది. వాన మొదలైంది.

రాయపూర్ చేరేసరికి రాత్రి ఏడున్నర. చిన్నాన్న ఇంజను ఆగేచోట నిలబడి ఉన్నాడు. దిగేవాళ్ళ కోసం వచ్చిన మనిషి అక్కడెందుకు నిలబడతాడో నాకు అర్థం కాలేదు. బాగా చిక్కిపోయాడు.

"ఏట్రా శీనూ, బండి పదిహేను నిమిషాలు లేటు. మామ్మ ఎలాగుంది?"

"నీమీద కోపంగా ఉంది."

"అది ఆరోగ్యమే," అన్నాడు.

స్కూటరు మీద బయల్దేరాం. మొదటి కూడలిలో చిన్నాన్న పైకి చూసి, పెద్ద గొంతుతో "రెడ్" అన్నాడు. ఆగాడు. కాసేపటికి "గ్రీన్" అని, ఒక క్షణం ఆగి, అప్పుడు బండి కదిపాడు. ప్రతి కూడలిలోనూ అంతే. రైలింజనులో డ్రైవరు సిగ్నలు రంగు పైకి చెప్తే, పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. ఇద్దరూ ఒకే రంగు చూశారని రూఢి చేసుకోవడానికి అది నియమం. ఆయనకది ముప్పై ఆరేళ్ళ అలవాటు. స్కూటరు మీద వెనక కూర్చుని తిరిగి చెప్పే మనిషి పిన్ని. ఆ క్షణం ఆగడం ఆమె జవాబు కోసమని నాకు ఇల్లు చేరాక తట్టింది.

ఇల్లు ఉర్లా వైపు. దండెం మీద ఆరేసిన చొక్కా మీద ఫ్యాక్టరీల నల్లపొడి. గోడకి పిన్ని ఫోటో లేదు, మేకు ఉంది. బియ్యం, పప్పు ఒకే కుక్కర్లో పెట్టాడు. తిన్నాక నేను నోటుబుక్కు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రేపు సిర్పుర్ తీసుకెళ్తాను. అక్కడ మాటాడుకుందాం. ఈ ఇంట్లో వద్దు."

బుధవారం ఉదయం ఆరున్నరకి బస్టాండు దగ్గర పోహా, జిలేబీ తిన్నాం. ఏడింటికి సరాయ్‌పాలి వెళ్ళే బస్సు. సిర్పుర్ వెళ్ళేవాళ్ళు కుహరి దగ్గర దిగాలి. రెండు గంటలు పట్టింది. అక్కణ్ణించి పదిహేడు కిలోమీటర్లు అడవి దారి. ఆటో నిండేదాకా కదలదు కాబట్టి గంటసేపు టీ కొట్టు రేకు కింద వానలో కూర్చున్నాం. కొట్టతను చిన్నాన్నని గుర్తుపట్టాడు.

"కాకా, ఈసారి భంతేజీ రాలేదా?" అన్నాడు, విహారంలోని భిక్షువు గురించి.

"లేదు భాయ్. ఈసారి మా ఇంటి పండిత్‌జీ వచ్చాడు," అని నన్ను చూపించాడు.

సిర్పుర్‌లో చూడాల్సినవన్నీ నడిచి తిరిగేంత దూరంలోనే ఉన్నాయి. ఇటుకలతో కట్టిన పాత విష్ణువు గుడి, రాతి స్తంభాల విహారాలు, మధ్యలో పొలాలు. గుడి గుమ్మానికి ఎలాంటి చెక్కడాలున్నాయో విహారం గుమ్మానికీ దాదాపు అలాంటివే. ఒకే శిల్పులు పొద్దున్న ఇక్కడా సాయంత్రం అక్కడా పనిచేశారేమో అనిపిస్తుంది. లోపల పెద్ద బుద్ధుడు కుడిచేత్తో నేలని తాకుతూ కూర్చున్నాడు. వాననీళ్ళు గడప దాకా వచ్చాయి. మేము తప్ప ఎవరూ లేరు.

భిక్షువుల గదుల అరుగు మీద కూర్చుని పట్టిక తెరిచాను. చిన్నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొదటి వరస నుంచి చివరి దాకా చదివాడు. ఇంజను అప్పజెప్పే కాగితం చదివినట్టు ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివాడు.

"ఇది నీట్‌గా ఉంది. మూడో వరస నాకు భంతే చెప్పినాడు. కావాలని చెయ్యనిది కర్మ కాదని. ఆ ఒక్క మాట కోసమే నేను అక్కడికి ఎళ్ళడం మొదలెట్టినాను."

"ఏది కావాలని చెయ్యనిది?"

నా వైపు చూడకుండా చెప్పాడు. ఆయన సర్వీసులో ఏడుగురు ఆయన బండి కింద పడ్డారు. బ్రేకు వేసినా ఆగనంత దగ్గర్లో. ఊరూ పేరూ తెలియదు. పోలీసులకి రాసిచ్చే కాగితంలో ఉండేది కిలోమీటరు నంబరు, కరెంటు స్తంభం నంబరు. ఆయనకి ఆ నంబర్లే గుర్తు. తిల్దా స్టేషను దాటాక 794/12 దగ్గర నెత్తిన ఊకమూటతో ఒక ముసలామె. సైకిలు భుజాన ఎత్తుకుని పట్టాలు దాటుతున్న మేస్త్రీ. పొగమంచులో ఒకే రోజు ఇద్దరు గొర్రెల కాపర్లు. ఇలా ఏడూ వరసగా చెప్పాడు. నేను అలవాటు కొద్దీ నోటుబుక్కు వెనక పేజీలో ఒకటి నుంచి ఏడు దాకా రాసుకున్నాను.

"ఏటా మహాలయ అమావాస్యకి ఆళ్ళకి నీళ్ళు వదిలేవోణ్ణి. మీ పిన్నే నువ్వులు కలిపేది. ఎవరికి వదిలినానో ఎవరికి వదల్లేదో ఆవిడే లెక్క చూసేది. ఆఖరి నంబరు దగ్గర నేను ఆగిపోయేవోణ్ణి. ఆవిడ నంబరు అందించేది. ఇప్పుడు చెప్పు. ఆత్మ ఉందనుకో. ఆ ఏడుగురూ ఆ స్తంభాల దగ్గర నిలబడున్నారు, నేను నీళ్ళు ఎప్పుడు తెస్తానా అని. లేదనుకో, ఎవరూ లేరు. నేను నిద్రపోతాను. ఏడాదిగా నిద్రపోతున్నాను."

"మరి పిన్ని?"

"అదేరా. ఆళ్ళు లేకపోతే ఆవిడా లేదు. ఆవిడ ఉంటే ఆళ్ళూ ఉన్నారు. ఆవిడొక్కత్తినే ఉంచుకుని మిగతా ఏడుగుర్నీ తీసెయ్యడానికి నీ పట్టికలో ఎక్కడైనా దారుందా?"

లేదు. ఎడమ పక్కా లేదు, కుడి పక్కా లేదు. బౌద్ధం ఏమీ లేదని చెప్పదని, ప్రవాహం సాగుతుందనే అంటుందని, చనిపోయినవాళ్ళ పేరున దానం చేసి ఆ పుణ్యం పంచడం వాళ్ళలోనూ ఉందని నేనన్నాను.

"భంతే కూడా అదే అన్నాడు. పిన్ని పేరు మీద అన్నం పెట్టమన్నాడు, పెట్టినాను. తరవాత పుణ్యం పంచమన్నాడు. అక్కడ ఆగిపోయినాను. పంచాలంటే ఎవరో ఒకరు ఉండాలి కదరా. ఉంటే ఎనిమిది మంది. లేదంటే సున్నా."

మామ్మ ఒట్టు గురించి చెప్పాను. చాలాసేపు బుద్ధుడి చేతివేళ్ళు నేలని తాకిన చోటు చూస్తూ కూర్చున్నాడు.

"ఠీక్ హై. అమ్మని చంపుకోలేను. నేను చెయ్యను, నువ్వు చెయ్యి. దర్భ ఇస్తాను."

గెలిచాననుకున్నాను. సంతోషం మాత్రం కలగలేదు. తిరుగు ప్రయాణంలో చిన్నాన్న కిటికీకి తల ఆనించి పడుకున్నాడు. నేను మాత్రం ఆ ఎనిమిదీ సున్నా గురించే ఆలోచిస్తున్నాను. షరతు తేలిగ్గానే ఉందనిపించింది. పిన్నికి నీళ్ళు వదలాలంటే ఎనిమిది మందికీ వదలాలి. సున్నా కుదరదు కాబట్టి ఎనిమిది. నా వృత్తిలో ఇలాంటి లెక్కలు రోజూ చేస్తాం.

గురువారం ఉదయం ఏమీ తినలేదు. ఏడింటికి రాజిమ్ బస్సు. అభన్‌పూర్‌లో పావుగంట ఆగుతుంది. ధమ్‌తరి రోడ్డు వదిలి ఎడమకి తిరుగుతుంది. ఎనిమిదీ నలభైకి రాజిమ్. మహానది, పైరీ, సోంఢూర్ అని మూడు నదులు కలిసే చోటు. ఎండాకాలం ఇసకలో నడిచి శివుడి గుడి దాకా వెళ్ళొచ్చట. ఇప్పుడు గుడి చుట్టూ మట్టిరంగు నీళ్ళు, మధ్యలో గట్టు మీద గుడి. పితృపక్షం కాబట్టి రేవు నిండా మనుషులు. తలలు గొరిగించుకున్నవాళ్ళు, ఆకుదొన్నెలు, తడిబట్టలు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

రేవులో కర్మకాండలు చేయించే పండా ఒకాయన దొరికాడు. నడివయసు, గట్టి గొంతు, తొందర మనిషి. మా సంగతి విని చిన్నాన్న వైపు తిరిగాడు.

"భర్త బతికుండగా అన్నకొడుకు ఎందుకు చేస్తున్నాడు?"

"నా ఒంట్లో బాగాలేదు మహారాజ్," అన్నాడు చిన్నాన్న. నా అరచేతిలో దర్భ పెట్టి, నా వేళ్ళు తనే మూశాడు. ఆయన చెయ్యి చల్లగా ఉంది. తరవాత ఏడెనిమిది మెట్లు పైకి వెళ్ళి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాను. పిండం పెట్టడం అరగంటలో అయింది. తర్వాత బొటనవేలి పక్కనుంచి నువ్వులనీళ్ళు వదలడం. గోత్రం చెప్పాను, సత్యవతి అన్నాను. మూడుసార్లు వదిలాను. మా నాన్నకీ తాతలకీ వదిలాను. పండా చెంబు ఎత్తి, తరవాతి వాళ్ళ వైపు చూస్తూ అడిగాడు.

"ఔర్ కోయీ హై?"

ఇంకెవరైనా ఉన్నారా అని. అందర్నీ అడిగే మాటే. చాలామంది లేరంటారు. నేను మెట్టు మీద విప్పి పెట్టిన చొక్కా మీంచి నోటుబుక్కు తెచ్చుకుని వెనక పేజీ తీశాను.

"ఏడుగురున్నారు. పేర్లు తెలియవు."

"గోత్రం?"

"తెలియదు. ఎక్కడ పోయారో తెలుసు."

"చాలు. దిక్కులేనివాళ్ళకి కూడా ఉంది మంత్రం. చెప్పు."

చెప్పాను. తిల్దా, 794/12, ఊకమూట ముసలామె. నీళ్ళు. మేస్త్రీ. నీళ్ళు. రేవులో గోల ఎక్కువగా ఉండటంతో పండాకి వినపడాలని పెద్దగానే చదివాను. నాలుగో నంబరు దగ్గర వెనక్కి చూశాను. చిన్నాన్న మా వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అభ్యంతరం చెప్పలేదు. చెయ్యి ఎత్తలేదు. అది అంగీకారం అనుకుని ఐదు, ఆరు, ఏడు పూర్తిచేశాను. చివరి నీళ్ళు వదిలినప్పుడు, నిజం చెప్పాలంటే, డ్రాయింగు మీద అన్ని కొలతలూ సరిపోయినప్పుడు కలిగే తృప్తి కలిగింది.

గట్టెక్కి మామ్మకి ఫోన్ చేశాను.

"అయిందా?"

"అయింది మామ్మా. పిన్నికీ, నాన్నకీ కూడా."

"ఆడు దగ్గరున్నాడా?"

"ఉన్నాడు."

"అయితే గంజి తాగుతాను," అని పెట్టేసింది. ఆమె గొంతులో అంత తేలిక నేను ఆరేళ్ళుగా వినలేదు.

చిన్నాన్న ఆ మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. నీళ్ళలో నువ్వులు కనిపించకుండా పోయాయి.

"ఎనిమిదీ అయ్యాయి చిన్నాన్నా. ఎవరినీ వదల్లేదు."

"విన్నాను," అన్నాడు నీళ్ళకేసి చూస్తూ. "ఏడాది పట్టి ఒక్కొక్కళ్ళనీ బయటికి పంపినానురా. నువ్వు నంబరు నంబరునా లోపలికి పిలిచినావు."

"నువ్వే అన్నావు కదా, ఎనిమిది లేదంటే సున్నా అని."

"అన్నాను. నేను సున్నాలో ఉన్నాను. నీకు దర్భ ఇచ్చింది అమ్మ కోసం. నువ్వు నీళ్ళు వదిలితే అది నీ లెక్క, నాకు తగల్దు అనుకున్నాను. ఆ నంబర్లు పైకి వినేదాకా అలాగే ఉంది." ముఖం తుడుచుకున్నాడు. సన్నగా పడుతున్న వాన వల్లనో ఏమో. "ఇప్పుడు ఆవిణ్ణి కూడా ఆళ్ళ పక్కన నిలబెట్టినావు. ఆవిడైనా లేకుండా ఉండేది."

క్షమించమని అడిగాను. దానికి ఆయన "పద, బస్సు టైమైంది" అన్నాడు. అంతే. పదకొండూ పది బస్సు దొరికింది. అభన్‌పూర్‌లో ఆయనకి టీ ఇప్పించాను. గ్లాసు చేతిలోనే చల్లారింది. రాయపూర్ కూడళ్ళలో స్కూటరు ఆగినప్పుడల్లా నేను వెనకనుంచి చెవులు రిక్కించి కూర్చున్నాను. ఆయన ఒక్క రంగూ పైకి చెప్పలేదు.

శుక్రవారం ఉదయం ఎనిమిదికి విశాఖ పాసింజరు. చిన్నాన్న స్టేషనుకి వచ్చాడు. కళ్ళు చూస్తే రాత్రి నిద్రపోలేదని తెలుస్తోంది. ఇద్దరం ప్లాట్‌ఫారం చివర, ఇంజను దగ్గర నిలబడ్డాం.

"అమావాస్య ఎప్పుడు?" అన్నాడు.

"బుధవారం."

"నువ్వులు కొనాలి. ఆదివారం భంతే దగ్గరికి ఎళ్ళను. ఇంక ఆయనకి ఏటి చెప్తాను?"

"నేను రానా బుధవారం?"

"ఎందుకురా, మళ్ళీ కొత్తగా ఎవర్నైనా రాసుకొస్తావేటి?" ఆ మూడు రోజుల్లో ఆయన వేసిన చివరి జోకు అది. నవ్వబోయాడు, మధ్యలోనే ఆగిపోయింది.

సిగ్నలు పచ్చబడింది. ఆయన దాన్నే చూస్తున్నాడు. పెదవి కదల్లేదు. నేను బండెక్కి తలుపు దగ్గర నిలబడి "గ్రీన్" అన్నాను. బండి కదిలేదాకా ఆగాను. ఆయన తిరిగి చెప్పలేదు.

మహాసముంద్ దాటాక నోటుబుక్కు తీశాను. ఆఖరి వరసలో పిండం ఎదురుగా కుడి పక్క గడి ఇంకా ఖాళీగానే ఉంది. పూరించడానికి కావలసినంత సమాచారం ఇప్పుడు నా దగ్గర ఉంది, కానీ రాయలేదు. కిటికీలోంచి చూస్తే కరెంటు స్తంభాలు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. ప్రతి దాని మీదా నంబరు. బొబ్బిలి దాకా ఎన్నో ఉన్నాయి. కాంటాబాంజి దాటాక చదవడం మానేశాను. ఆ తరవాత కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి కొన్ని సలహాలు ఇవ్వగలను. సిర్పుర్‌కి ఒక పూట చాలు. గొడుగు తీసుకెళ్ళండి, కుహరిలో ఆటో కోసం గంట ఉంచుకోండి. రాజిమ్‌కి ఖాళీ కడుపుతో వెళ్ళండి. అంతా అయ్యాక పండా ఇంకెవరైనా ఉన్నారా అని అడుగుతాడు. ఆ జవాబు నది దగ్గర ఆలోచించుకునేది కాదు. ఇంటి దగ్గరే, మీ పక్కనున్న మనిషిని అడిగి, తేల్చుకుని వెళ్ళండి.